మిలెంబె నాలుక జోలికి వెళ్లవద్దు

మ్వాంజా, మే 20

అమ్మా, సెలవులకు మిలెంబెను ఒక్కదాన్నే పంపమని కబురు పెట్టావు. నాకు అనుమానం వచ్చి ఈ కార్డు రాస్తున్నాను. ఇక్కడ ఇద్దరం కులాసా.

నిన్న బడి నుంచి రాగానే, "అమ్మమ్మ దగ్గరికి వెళ్తావా?" అని నా కూతుర్ని అడిగాను. అది మాటకు బదులు చూపించే తన బొమ్మల అట్ట తెచ్చి, అందులోని నీ ఫొటో మీద వేలు పెట్టింది. తరువాత నోరు, ఆ తరువాత "వద్దు" చూపించింది. గోళ్లు తీసే బ్లేడు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అబద్ధం చెప్పడానికి సరిపడా బొమ్మలు ఆ అట్ట మీద లేవమ్మా.

ఈస్టరుకి మేం అక్కడికి వచ్చినప్పుడు హోలో పిన్ని ఏమంది? "ఒసే క్వాండూ, నాలుక కింద నరం కోయిస్తే చిలకలా వాగుతుందే! బొమ్మలు చూపడం మేకక్కూడా నేర్పొచ్చు." నువ్వు నవ్వి ఊరుకున్నావు. దాన్ని నీ దగ్గర ఉంచి నేను ముందుగా వచ్చేశాక, నాలుక నరాలు కోసే ముసలావిడ ఎవరైనా మనింటికి వచ్చిందా?

దాని నాలుకలో లోపం లేదు. "మాట బుర్రలో ఉంది, నోటికి దారి దొరకడం లేదంతే," అంది టీచరమ్మ. చెవిటి పిల్లల బడికి పంపేయమన్న హెడ్మాస్టరుతో వాదించి, అట్టతో సహా తన తరగతిలోనే కూర్చోబెట్టుకుంది.

తెల్లావు ఈనిందా? ఎండు చిలగడదుంపలు ఎవరి చేతనైనా పంపు. ఈ కార్డు పిన్నికి వినబడేలా గట్టిగా చదవమని పంతులుగారితో చెప్పు. పెద్దలందరికీ మోకరిల్లి నా దండాలు.

మిలెంబె అట్ట మీంచి నీ ఫొటో పీకేయబోతే మళ్లీ అంటించాను. బ్లేడు తాకనివ్వనని నీ మాటగా రాయించు. సెలవులకు ముందే, జూన్ అయిదులోగా జవాబు నాకు చేరాలి; అప్పుడే దాన్ని పంపుతాను.

నీ కూతురు క్వాండు