పురుగుమందు కొట్టాయన పశ్చాత్తాపం

1986 డిసెంబరు, ఆదివారం రాత్రి

వారపత్రికలో పత్తి రైతు సీరియల్ ఈ వారంతో అయిపోయింది. నకిలీ మందు అమ్మిన కొట్టు యజమాని చివర్లో రైతు కాళ్ళ మీద పడి ఏడ్చాడు. మా నరసరావుపేటలో అలా ఏడ్చిన కొట్టాయన్ని ఒక్కడిని చూపించమనండి. అదే పత్రిక వెనక అట్ట మీద వారం వారం పురుగుమందు ప్రకటన. ఈ ముగింపు రచయిత రాసిందా, ఆ అట్ట రాయించిందా?

మా ఆవిడ మాత్రం సీరియల్ కాగితాలన్నీ చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో పుస్తకంగా కుడుతోంది.

"ఆ చెత్తని దాచడం దేనికి?" అన్నాను.

"చెత్తయితే వారం వారం నాకంటే ముందు మీరెందుకు చదివారండీ?"

"విమర్శించడానికి."

"పుచ్చిన పత్తికాయని ఆ రైతు పెళ్ళాం గోళ్ళతో విప్పి చూసే చోట కళ్ళజోడు తీసి తుడుచుకున్నారే, అదీ విమర్శేనా?"

నా అనుమానమంతా ఆ చోటు మీదే. అంత నిజం రాయగలిగినవాడు ఆ అబద్ధపు ముగింపుని తెలియక రాసి ఉండడు. ఆ కాయ చూపించి మనల్ని నమ్మించి, ఈ కొట్టాయన్ని అంటగట్టాడు.

రేపు సాహిత్య సభలో ఈ నవల పాఠకుల్ని మోసం చేసిందని గట్టిగానే మాట్లాడతాను. మోసపోయినవాళ్ళు ఎవరని మాత్రం ఎవరూ అడక్కుండా ఉంటే బాగుండు.