మూతి కుట్టిన పుస్తకం

కోటయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మనం మిరప బస్తాలు కుట్టేటప్పుడు నువ్వు పాడిన పాటలన్నీ పుస్తకంగా రాసిమ్మని, మంచాన పడ్డాక అడిగావు కదా. నువ్వుండగా పూర్తి కాలేదు. మొన్నటికి అయింది. కాగితాలు మడిచి, అట్ట వేసి, మన దబ్బనంతోనే కుట్టి, ఇవాళ మీ ఇంటికి తీసుకెళ్లాను.

నీ కొడుకు తెరవబోయాడు. తెరుచుకోలేదు. మడత వైపు కుట్టాల్సింది, చేతి అలవాటు కొద్దీ బస్తా మూతి కుట్టినట్టు తెరిచే వైపు కుట్టేశాను. ఇంట్లో ఒకసారి చూసుకోనైనా లేదు.

"ఏంది పెదనాన్నా ఇది! మూతి కుట్టినోడని మా నాన్న నిన్ను ఊరికే అనలా!" అన్నాడు.

వచ్చినవాళ్లంతా నవ్వారు. నువ్వు పోయాక మీ ఆవిడ నవ్వడం ఇవాళే చూశాను. నువ్వుంటే అందరికంటే గట్టిగా నవ్వేవాడివి.

దండల్లో నీ పటం కనపడటం లేదని, మీవాడు ఆ పుస్తకాన్నే కింద ఎత్తు పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

"దారం కోసి చూడరా, లోపల మీ నాన్న పాటలున్నాయి" అంటే చాలు. అంతమందిలో నా నోరు పెగల్లేదు.

అన్నం తిని వచ్చేశాను.