లేచిన చెయ్యి

ప్రియమైన చిన్నీకి,

ఆసుపత్రిలో డ్యూటీల మీద డ్యూటీలు చేసి చిక్కిపోయావని మీ బావగారు ఒకటే బెంగ. ఇక్కడ మా సంఘం తలెత్తుకోలేని పని జరిగింది. చర్చి వెనక వీధిలో బట్టలు కుట్టే ఆవిడ గుర్తుందా? నిచ్చెన మీంచి పడి మంచాన పడ్డ పెయింటరు భార్య. ఆ మనిషిని గాలికి వదిలేసి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది! కేకలు విని పక్కింటివాళ్ళు వెళ్ళేసరికి నాలుక పిడచకట్టుకుపోయి ఉన్నాడట.

ఆవిడ పేరు అందరి ముందూ చదివి సంఘంలోంచి తీసెయ్యాలని పాస్టరుగారితో అన్నాను. ఆయన నసిగారు. స్త్రీల సమాజం పెద్దని కదా, నేనే చదువుతానని చెప్పాను.

ప్రభువు నిన్ను కాచుగాక,
అక్క

ప్రియమైన అక్కకి,

ఆవిడ చేసింది తప్పు కాదనను. దాహమేస్తే గుక్కెడు నీళ్ళు లేకుండా వదిలేసింది. కానీ ఇలాంటివాళ్ళ భార్యల్ని మా వార్డులో రోజూ చూస్తాను. గోడకి ఆనుకుని, నిలబడే నిద్రపోతుంటారు. ఆయన పడిపోయాక మీ సమాజంలో ఎవరైనా ఒక్క పూట ఆ మంచం దగ్గర కూర్చున్నారా? నీకు కోపం వస్తుంది, తెలుసు. రానీ. ఆవిడ పేరు చదివే ముందు ఆ ఇంటికి ఒకసారి వెళ్ళిరా.

నీ మాట ఎన్నడూ వినని,
చిన్ని

ప్రియమైన చిన్నీకి,

వెళ్ళాను. ఒకసారి కాదు, రోజూ వెళ్తున్నాను. ఆవిడ ఇంకా తిరిగి రాలేదు, రాత్రిళ్ళు పక్కింటివాళ్ళు చూస్తున్నారు. ఒళ్ళు తుడుస్తున్నాను, పుండ్లకి మందు రాస్తున్నాను. కంపు సంగతి చెప్పక్కర్లేదు. అయినా మనసుంటే చెయ్యలేనిది ఏముంది? నిన్న ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇదంతా చూశాక, ఆవిడ పేరు ఇంకా గట్టిగా చదవాలనిపిస్తోంది.

నీ సవాలు గెలిచిన,
అక్క

ప్రియమైన అక్కకి,

రెండు ఉత్తరాలు రాసినా జవాబు లేదు. ఫోన్ చేస్తే బావగారే ఎత్తుతున్నారు. "మీ అక్క అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోతోందమ్మా, ఏమైందో చెప్పదు" అన్నారు. నేనేదో పొడిచినట్టు రాశాననా? తిట్టాలంటే తిట్టు. కానీ రాయి.

బెంగతో,
చిన్ని

ప్రియమైన చిన్నీ,

ఇది ఫోన్లో చెప్పగలిగే మాట కాదు.

ఒకరోజు ఆ పెయింటరుకి దుప్పటి మార్చి, పాలు పట్టబోయాను. గ్లాసు విసిరికొట్టాడు. "మా ఆవిడ చెయ్యి మెత్తన. నీది రంపం. ఫో!" అన్నాడు.

కొట్టాను చిన్నీ. కదల్లేని మనిషిని చెంప మీద కొట్టాను. మళ్ళీ తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కళ్ళు మూసుకుని రెండో దెబ్బ కోసం ఎదురుచూశాడు.

తలెత్తితే గుమ్మంలో ఆయన భార్య, తిరిగొచ్చింది, చేతిలో సంచీతో. అరిచి ఊరంతా పోగేస్తుందనుకున్నాను. తడిగుడ్డ తెచ్చి ఆయన చెంప తుడిచి, నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"నాకూ చెయ్యి లేచిందక్కా. దిండు పట్టుకుని లేచింది. మొహం మీద పెట్టి నొక్కేస్తానేమోనని భయమేసి పారిపోయాను. నీళ్ళు పెట్టాలని కూడా తోచలేదు. అది నా తప్పే. నా పేరు చదువుతారటగా, చదవండి."

ఆదివారం లేచి నిలబడ్డాను. ఆవిడ పేరు చదవలేదు, నేను చేసింది చెప్పాను. స్త్రీల సమాజం పెద్దరికం వదిలేశాను. ఎప్పుడూ నా పక్కన కూర్చునే ఒకావిడ తన బైబిలు తీసుకుని వేరే బెంచీకి వెళ్ళిపోయింది. ఆమెని ఏమనగలను? నేనైనా అదే చేసేదాన్ని.

రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్లకి రమ్మని పాస్టరుగారు పిలిచినప్పుడు నేను బెంచీ మీంచి లేవలేదు. కుట్టే ఆవిడా లేవలేదు.

ఇప్పుడూ మధ్యాహ్నాలు ఆ ఇంటికి వెళ్తున్నాను. నా గొంతు వింటే ఆయన వణుకుతాడు, అందుకని గదిలోకి వెళ్ళను. పెరట్లో దుప్పట్లు ఉతుకుతాను. ఆ కాసేపు ఆవిడ నిద్రపోతుంది.

నాకోసం ప్రార్థన చెయ్యి,
అక్క