గుంజితే ఆగని బండి

అక్క బాలమ్మకు తమ్ముడు సాయిలు దండం పెట్టి రాస్తున్నది.

నేనూ మణెమ్మా మొయినాబాద్‌లో బాగానే ఉన్నాం. నువ్వూ బావా పిల్లలూ బాగున్నారని తెలిస్తే నాకింకేం అక్కర్లేదు. నీ చేతి వాపు తగ్గిందా? దవాఖానకు పొమ్మంటే పోవు, పసుపు రాసుకుని కూర్చుంటావు. రాత్రిబడిలో నేర్చిన అక్షరాలు నావి, పెద్దగా, వంకరగా వస్తాయి, మీ చిన్నోడితో మెల్లగా చదివించుకో. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను ఎప్పుడు మాట్లాడనిచ్చావు? కాగితమైతే మధ్యలో అడ్డం రాలేవు.

ఇక్కడ చలి మన తాండూరు దిక్కులాంటిది కాదు. గండిపేట చెరువు మీద నుంచి గాలి వచ్చి తెల్లారగట్ల చెవులు కోస్తుంది. జొన్నపిండి కొంటే రొట్టె విరిగిపోతోంది, అందులో ఏం కలుపుతారో తెలియదు. పలకరించే మనిషి లేడు. ఎవరిని కదిలించినా ప్లాట్ల మాటే. మన ఊళ్లో వాన పడిందా అని అడుగుతారు, ఇక్కడ రేటు పెరిగిందా అని అడుగుతారు. అయినా ఫికర్ చేయకు, బాగానే ఉన్నాం.

బావ పంపిన కబురు అందింది. "ముసలితనంల పాల యాపారం ఎందుకు, బర్రెలమ్మి రమ్మను, నా కందిచేను కాడ కావలి కూసుంటడు" అన్నాడట. దానికి జవాబు చివర రాస్తాను. ముందు జరిగింది విను.

నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పటేలు బండి తోలాను. ఎద్దులు పటేలువి, బండి పటేలుది, పేరు కూడా పటేలు బండి సాయిలు. చచ్చేలోపు నాదంటూ ఒక పని చేయాలని ఇక్కడికి వచ్చాను. గండిపేట దగ్గర గేట్లు పెట్టి కట్టిన కొత్త ఇళ్లలో కంప్యూటర్ పనివాళ్లు ఉంటారు, చిక్కటి పాలకు మొహం వాచి ఉన్నారు. రెండు బర్రెలు కొన్నాను. పక్కింటి యాదయ్య తన మోపెడ్ మీద నా పాలు తీసుకుపోయి పోసేవాడు. అంతా బాగుందనుకునేలోపే యాదయ్యకు కంపెనీ కారు నడిపే నౌకరీ దొరికింది. రాత్రంతా ఆ కంప్యూటర్ పిల్లలను ఇళ్లకు దింపుతాడు, పగలు పడుకుంటాడు. మోపెడ్ నా గోడకు ఆనించి, "మా ఇంటికి పాలు పోస్తే చాలు మామా, బండి నువ్వే ఉంచుకో, నేర్చుకో" అని పోయాడు.

నేర్చుకోలేదు. మోకాలి నొప్పి అన్నాను, చలి అన్నాను, చూపు ఆనడం లేదన్నాను. రోజూ పొద్దున దాన్ని తడిగుడ్డతో తుడిచి మళ్లీ గోడకే ఆనించాను. పాలు పక్కనున్న కేంద్రంలో పోసొచ్చాను. అక్కడ నీళ్ల పాలకూ నా పాలకూ ఒకటే లెక్క. కట్టుకున్నది కదా, మణెమ్మ ఊరుకుంటుందా? "నీ మోకాలికేం గాలే. నలుగురు నవ్వుతరని నీ భయం. ఎద్దుల ముందట పులివి, మనుషుల ముందట పిల్లివి" అంది. నేను తిట్టాను. ఆమె కూడా తిట్టింది.

చివరికి యాదయ్య నిద్ర లేచాక ఒక సాయంత్రం ఊరవతల వెంచర్‌కు తీసుకుపోయాడు. అక్కడ ఇళ్లు లేవు, హద్దురాళ్లే. ఎక్కాను. కదిలింది. కొంచెం దూరం బాగానే పోయాను అక్కా, నిజం. ఎదురుగా రాయి కనబడగానే "హో, హో" అని అరిచి, హ్యాండిల్ పట్టుకుని వెనక్కి గుంజాను. ఇన్నేళ్లు ఎద్దులను ఆపిన చేతులకు అదొక్కటే తెలుసు. ఆ మాయదారిది గుంజినకొద్దీ ఎగిరి దూకింది. రాయికి కొట్టుకుని ఆగింది.

యాదయ్య పొట్ట పట్టుకుని నవ్వి, లేపి, "మామా, అది ఎద్దు గాదే. గుంజితే రేసు ఎక్కువైతది, ఆగది, ఉరుకుతది. చెయ్యి వదులు జేసి బిరేకు పట్టు" అన్నాడు. తెలిసింది. తెలిసి మళ్లీ ఎక్కాను, మళ్లీ గుంజాను, మళ్లీ రాయి. నా మాటకు పటేలు ఎద్దులు వాగు మధ్యలో కూడా నిలబడేవి. ఈ ఇనుప ముక్క ముందు నా పరువు పోయింది. ఇంటికి వచ్చి దాన్ని తుడవడం కూడా మానేశాను.

మణెమ్మ ఒక పొద్దున పాల క్యాన్ నెత్తిన పెట్టుకుని బస్సు కోసం రోడ్డు మీద నిలబడింది. ఎక్కనివ్వలేదట, జనం మీద ఒలుకుతాయన్నారట. తిరిగొచ్చి క్యాన్ నా ముందు దించి పొయ్యి దగ్గరకు పోయింది. ఆ దించిన చప్పుడు నాకు ఆమె తిట్లన్నిటికంటే గట్టిగా తగిలింది.

క్యాన్ మోపెడ్‌కు కట్టి ఎక్కాను. చేవెళ్ల రోడ్డు మీదికి వచ్చాను. లారీలు, కార్లు, కాలేజీ పిల్లల బళ్లు. చాయ్ హోటల్ ముందు వెనక నుంచి బస్సు హారన్ కొట్టింది. నా చేతులు మళ్లీ పగ్గాలు గుంజాయి. "హో" అని కూడా అరిచాను, అందరికీ వినబడేలా. పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. పాలు రోడ్డంతా పారాయి.

హోటల్ మొత్తం నవ్వింది. ఒకడు, "తాతా, బర్రెనెక్కి వచ్చినా పాలు దక్కుతుండె గదా" అన్నాడు. అయిపోయింది, రేపటికల్లా మొయినాబాద్ అంతా చెప్పుకుంటారనుకున్నాను. వాళ్లే వచ్చి లేపారు, బండి నిలబెట్టారు, చాయ్ ఇచ్చారు. నేను తల వంచుకుని తాగుతున్నాను, ఇంకేం అంటారో అని. నా గ్లాసు సగం కాకముందే వాళ్లు అజీజ్‌నగర్‌లో ప్లాటు రేటు మాట్లాడుకుంటున్నారు. బర్రె మాట అన్నవాడు కూడా. నాకు కోపం వచ్చింది అక్కా. ముసలివాడు పడితే ఇంతేనా? దేనికి జన్మంతా భయపడ్డానో అది ఒక గ్లాసు చాయ్ చల్లారేంతసేపు కూడా లేదు.

అక్కడి నుంచి ఖాళీ క్యాన్‌తోనే గండిపేట పోయాను. ఇంటింటికీ చెప్పాను, పడ్డాను, ఈరోజు పాలు లేవు, రేపటి నుంచి మళ్లీ తెస్తానని. ఒకామె ప్యాకెట్ పాలే నయం, మళ్లీ రావద్దంది. మిగతావాళ్లు గిన్నె కడిగి పెడతామన్నారు. మర్నాడు పోశాను.

ఇప్పుడు రోజూ పోతున్నాను. బాగా వచ్చేసిందని రాయను, అబద్ధం నాకు చేతకాదు. సైకిల్ వాళ్లు నన్ను దాటిపోతున్నారు. మురికికాలువ మోరీ దగ్గర దిగి తోసుకుంటూ పోతాను. చెయ్యి ఇప్పటికీ గుంజబోతుంది, నోటితో తిట్టి ఆపుకుంటాను. రేపు మళ్లీ పడతానేమో. పడితే పడతాను.

బావకు చెప్పు, నేను రాను. ఆయన కందిచేనుకు వేరే కావలివాణ్ని చూసుకోమను. కోపం వద్దని కూడా చెప్పు, ఆయన నా మంచికే అన్నాడు. మన పెద్దమ్మకు నా దండాలు. చిన్నోడిని బడి ఎగ్గొట్టవద్దని నా మాటగా చెప్పు. నీ దీవెన నా మీద ఉంచు, మోపెడ్ ఎక్కేటప్పుడు మరీ ఉంచు.

ఈసారి ఎవరైనా ఇటు వస్తే సంచెడు జొన్నపిండి పంపు. ఇక్కడ నడవకపోతే మళ్లీ ఎవరి బండైనా తోలుకుంటానని నా పగ్గాలు నీ అటక మీద దాచి వచ్చాను కదా, అవి కూడా పంపు. పెద్ద బర్రె పలుపు తెంపుకుంటోంది, గట్టి తాడు కావాలి.

నీ తమ్ముడు,
పాల సాయిలు