బసవయ్య గారు బిగించిన పట్టీ

హంసలదీవి,
14-9-1998

మాధవికి,

నీ ఉత్తరం మొన్న నాగబాబు అవనిగడ్డ నుంచి వస్తూ తెచ్చి ఇచ్చాడు. ఇక్కడ అమ్మా, నాన్నా, నేనూ బాగానే ఉన్నాం. హైదరాబాదులో నువ్వూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా ఎడమ భుజం ఎముక అతుక్కుంటోంది. రోజూ చేపల కూరే. బరువు పెరుగుతానంటే అమ్మ వినదు. "గుర్రం మొయ్యకపోతే నేను మోస్తాలే, తిను" అంటుంది.

"పరిగెత్తేది గుర్రం కదా బావా, రేసులో రాణి పడిపోతే నువ్వేం చేస్తావు" అని రాశావు. అది చదివాక ఊరుకోలేకపోయాను. పరుగులో మేం జాకీలం జీను మీద కూర్చోం మాధవీ. రికాబుల్లో కాళ్లు మోపి, మోకాళ్లు వంచి, గుర్రం వీపుకి తగలకుండా నిలబడతాం. మా బరువు కదలకుండా ఉంటే గుర్రం మమ్మల్ని మరిచిపోయి పరిగెత్తుతుంది. చూపు పక్కకి పోతే భుజం తిరుగుతుంది, దాంతో బరువు జరుగుతుంది. అప్పుడు అది అడుగు మార్చుకోక తప్పదు.

నిన్న నాన్నతో పడవలో వెళ్లాను. కెరటానికి పడవ ఎడమకి వాలింది. ఆలోచించకుండానే నేను కుడికి ఒరిగాను. "ఇంకా మర్చిపోలేదురా" అని నాన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు మలుపులో నేను చేసిందీ అదే. వెనక ఎవరొస్తున్నారో అని తల తిప్పాను. మళ్లీ ముందుకు చూసేసరికి రాణి మలుపు లోపలికి వాలి ఉంది. దాంతోపాటు నేనూ వాలాలి. పదహారేళ్లదాకా పడవలో పెరిగిన ఒళ్లు, కంగారులో బయటికి ఒరిగింది. రాణి అడుగు తడబడింది, ముందుకాలు విరిగింది. ఇద్దరం పడ్డాం. నేను లేచాను. ఆ కాలు ఇక అతకదని దానికి ఇంజెక్షనిచ్చి ప్రాణం తీసేశారు.

విచారణలో జీను పట్టీ వదులైందని చెప్పాను. అబద్ధం. రాణిని చూసుకునే బసవయ్య గారు ఎప్పటిలాగే పట్టీ బిగించి, కింద రెండు వేళ్లు దూర్చి చూసి, "ఇక ఎక్కు బాబూ" అన్నారు. ఆయన్ని పనిలోంచి తీసేశారని నీకు తెలుసు. తీసేశాక ఆయన ఆసుపత్రికి వచ్చారని తెలియదు. మంచం పక్కన నిలబడి తన చేతులు చూసుకుంటూ, "పట్టు తగ్గిందేమో బాబూ. గట్టిగానే బిగించాననుకున్నాను" అన్నారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఈ ఉత్తరం ట్రైనరు గారికి ఇవ్వు. నా లైసెన్సు పోతే పోతుంది, ఇక్కడ పడవ ఉంది. దానికంటే ముందు బసవయ్య గారింటికి వెళ్లి చదివి వినిపించు. ఆయన చేతుల్లో పట్టు తగ్గలేదు. ఆ మాట రెండుసార్లు చదువు.

ఇట్లు,
నీ బావ
వాసు