మడిచిన చిటికెన వేలు

బాబాయ్, నువ్వు పోయాక మొదటిసారి, ఈ సాయంత్రం ఆరింటికి కలకత్తా వాట్‌గంజ్‌లో, నీ దగ్గర ఫిడేలు నేర్చుకున్న పిల్లలు కలిసి వాయించారు. మన ఊరి పాత పాటే. అందరూ ఎడమ చిటికెన వేలు మడిచి, ఆ వేలితో నొక్కాల్సిన స్వరానికి పక్క వేలును జార్చారు. ఓడల డాక్‌లో పనిచేస్తుంటే నీకు తెగిన వేలు అదే. నిన్ను చూసి అలాగే నేర్చుకున్నారు.

కొత్తగా నేర్పుతున్న బెంగాలీ దీదీ ఆ వేలు తెరిపించింది. స్వరం శుభ్రంగా పలికింది.

"ఏటి పెదనాన్నా, ఇది తాత పాటేనేటి?" అని నీ మనవరాలు లక్ష్మి నన్నడిగింది.

"వేలుంటే మీ తాత కూడా ఇలాగే వాయించేవారేమో," అని దీదీ హిందీలో అంది.

నువ్వు వేలు పోకముందు వాయించగా నేను వినలేదు. ఏది అసలు పాటో తేలడం లేదు.

ఆదివారం పూజ పందిట్లో వాయిస్తారు. శనివారం ఐదింటికి సాధన. వేలు తెరవాలో మడవాలో అప్పటికి దీదీకి నేను చెప్పాలట.