మౌఖిక పరీక్షలో మా అమ్మాయి గొంతు చెరిపివేయవద్దని

బుడ్డమ్మా, నువ్వు చెప్పినట్టే విషయం పైన పెట్టి, అంకెలు వేసి రాస్తున్నాను. తప్పులుంటే నవ్వకు.

పరీక్షల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: న్యాయశాస్త్రంతోపాటు రష్యన్ భాష చదువుచూ మూడవ సంవత్సరములో మరణించిన మా అమ్మాయి మౌఖిక పరీక్ష రికార్డింగు చెరిపివేయకుండా, నాకొక నకలు ఇప్పించుట గురించి.

1. నేను కుట్టుపని చేసుకునేదాన్ని. ఐదో తరగతి దాకా చదివాను. మా ఆయన ఒకప్పుడు చదవలేని రష్యన్ కాగితం మీద సంతకం పెట్టి ఓడ పనికి వెళ్ళి, రెండేళ్ళు ఇరుక్కుపోయారు. అందుకే ఇంట్లో బుడ్డమ్మా అని పిలుచుకునే మా అమ్మాయి లా, రష్యన్ రెండూ పట్టుబట్టి చదివింది. పరీక్షలైన పదకొండో రోజున జ్వరంతో పోయింది.

2. రష్యన్ చెప్పే మేడం గారు పలకరించడానికి వచ్చారు. పరీక్షలో అది కుటుంబం గురించి పద్నాలుగు నిమిషాలు మాట్లాడిందనీ, ఆ రికార్డింగు తమ ఆఫీసులో ఉందనీ, నెలాఖరుకి చెరిపేస్తారనీ చెప్పారు. నా దగ్గర ఫోటోలున్నాయి, గొంతు లేదు. ఇంట్లో తిరిగే పిల్ల మాటలు ఎవరు దాచుకుంటారండీ?

3. తమ కార్యాలయమునకు నాలుగుసార్లు వచ్చియున్నాను. కౌంటర్ గుమస్తా గారు, "అభ్యర్థే స్వయంగా అడగాలమ్మా," అన్నారు.

"అభ్యర్థి లేదు బాబూ."

"ఊళ్ళో లేకపోతే సంతకం పెట్టిన ఉత్తరం తీసుకురండి."

"చచ్చిపోయింది బాబూ."

ఆయన ఫారాలన్నీ తిరగేశారు పాపం. పెళ్ళయి పేరు మారినవాళ్ళకి ఉందట, పోయినవాళ్ళకి లేదట. రష్యన్‌లో చట్టానికీ హక్కుకీ ఒకటే మాటని మా అమ్మాయి చెప్పేది. కౌంటర్ దగ్గర రెండూ వేరని నాకప్పుడు తెలిసింది.

4. ఇది రాయాలో వద్దో తెలియదు. అది మొదటి ఏడు పక్కగదిలో పాఠం వల్లిస్తూ, "దా, దా" అని అరిచింది. నేను మిషను ఆపి పరిగెత్తాను.

"ఏంటే, పిలిచావు?"

"నిన్ను కాదే అమ్మా! రష్యన్‌లో దా అంటే అవును."

"అవునుకి అంత అరుపెందుకే? జాకెట్టు చెయ్యి వంకర పోయింది."

"వచ్చావుగా, పోతూ పోతూ తలుపు వేసెళ్ళు."

మూడేళ్ళూ అంతే. అది దా అనడం, నేను లేచి వెళ్ళడం. తెలిసి కూడా వెళ్ళేదాన్ని. ఆసుపత్రిలో ఆఖరి రెండు రోజులు నన్ను లోపలికి పోనివ్వలేదు. అది పిలిచిందో లేదో నాకు తెలియదు. పరీక్షలో ఏమడిగినా ముందు దా అని, తర్వాతే జవాబు చెప్పిందట. అది తమకు అవును. నాకు పిలుపు.

5. కావున, నా సంతకమునే దాని సంతకముగా భావించి, చెరిపే తేదీ రాకముందే నకలు ఇప్పించవలసిందిగా వేడుకొనుచున్నాను. రూలు ఒప్పుకోకపోతే, చెరిపే రోజు నన్ను పిలిపించి ఒక్కసారి వినిపించండి. బెంచీ మీద కూర్చుని వింటాను, గోల చేయను.

పై సంగతులు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అభ్యర్థి తల్లి

తా.క.: నిన్న తమ గది తలుపు తీసి ఉంది. మూడు దాటినా క్యారేజీ మూత తీయలేదు, కాగితాల్లోనే ఉన్నారు. మాదీ చదువుకుంటూ తర్వాత తింటానని పళ్ళెం పక్కకి తోసేది. నా పని అయినా కాకపోయినా, తమరు వేళకి కడుపునిండా అన్నం తినండి బాబూ.